తుపాను గుట్టు విప్పిన పిడింగ్టన్

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ బంగాళాఖాతాన్ని ఒరుసుకొని ఉన్న పచ్చని నేల కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల కొబ్బరితోటలను, కాలువగట్లను, వరిచేలను చూసినవారికి ఇది ప్రశాంతతకు పుట్టినిల్లు అనిపిస్తుంది. అయితే ఈ నేలకు మరొక ముఖం కూడా ఉంది. ఆశ్వయుజ, కార్తీక మాసాలు వచ్చాయంటే ఇక్కడి పెద్దల చూపు ఆకాశం మీద, చెవి సముద్రపు హోరు మీద ఉంటాయి. ఎండ ఉన్నట్టుండి మసకబారినా, గాలి ఉత్తరపు దిక్కు నుండి గట్టిగా వీచినా వారికి గుండె ఝల్లుమంటుంది. వేటకు వెళ్లిన పడవలు తిరిగి వచ్చేదాకా తీరగ్రామాల్లోని ఇళ్లలో పొయ్యి వెలిగించడానికి కూడా చేతులాడవు. ఇదంతా తుపాను భయం.

తుపానును ఇంగ్లీషులో సైక్లోన్ అంటారన్న సంగతి నేడు బడిపిల్లలకు కూడా తెలుసు. కాని ఆ మాట వేల ఏళ్లుగా వాడుకలో ఉన్నది కాదు. దానిని ఒక వ్యక్తి ప్రత్యేకంగా తయారుచేసి లోకానికి ఇచ్చాడు. ఆయన రాజు కాదు, సేనాని కాదు, పెద్ద విశ్వవిద్యాలయంలో చదివిన శాస్త్రజ్ఞుడూ కాదు. ఓడ నడిపి బ్రతికిన నావికుడు. ఆయన పేరు హెన్రీ పిడింగ్టన్. సముద్రం మీద ప్రాణాపాయంలో చిక్కుకున్న నావికునికి తాను ఎక్కడ ఉన్నాడో, ఆపద ఏ దిక్కున ఉందో, ఎటు తప్పుకోవాలో తెలియజెప్పడానికి జీవితంలో సగభాగం వెచ్చించిన మహనీయుడాయన. ఆయన పరిశోధనలకు మన గోదావరి తీరానికి విడదీయరాని సంబంధం ఉంది.

ఆ సంబంధం తెలియాలంటే ముందుగా కోరంగి కథ తెలుసుకోవాలి. గోదావరి నది సముద్రంలో కలిసే చోట, కోనసీమకు ఈశాన్యపు అంచున, గౌతమికి ఆవలి వైపున ఉన్న ఊరు కోరంగి. 18వ శతాబ్దంలో ఇది తూర్పుతీరంలో పేరుపడ్డ రేవు. దీనికి దాపునే ఇంజరంలో ఆంగ్లేయుల వర్తకస్థానం, యానాంలో ఫ్రెంచివారి స్థావరం ఉండేవి. కోరంగి, తాళ్లరేవు ప్రాంతాల వడ్రంగులు ఓడలు కట్టడంలో చేయితిరిగినవారు. కలకత్తాకు, సింహళంలోని త్రిన్కోమలీకి నడుమ పెద్ద ఓడలను లోపలికి తెచ్చి బాగుచేయడానికి అనువైన చోటు ఇదొక్కటేనని నాటి నావికులు భావించేవారు. ఇక్కడినుండి ఓడలెక్కి బర్మాకు వలసపోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలని పిలిచారు. ఒక రేవు పేరు ఒక జాతిజనులకే పేరయిందంటే దాని ప్రాభవం ఎంతటిదో ఊహించవచ్చు.

అటువంటి కోరంగిని సముద్రం పలుమార్లు కబళించింది. 1787 మే నెలలో వచ్చిన గాలివానకు సముద్రపు నీరు ఊళ్ల మీదికి పొంగింది. ఆ గాయం మానకముందే 1789 డిసెంబరులో అంతకు మించిన ప్రళయం సంభవించింది. మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెంట ఒకటి లేచి వచ్చాయి. మొదటి కెరటానికి పట్టణంలోకి నిలువెత్తు నీరు చేరింది. రెండవది చుట్టుపక్కల పల్లపు భూములన్నిటినీ ముంచింది. మూడవది మిగిలిన సమస్తాన్నీ ఊడ్చుకుపోయింది. రేవులోని ఓడలు కొట్టుకుపోయాయి. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. వెనుదిరిగిన సముద్రం ఊరి మీద ఇసుకను, బురదను మేటలుగా వదిలిపోవడంతో చనిపోయినవారి దేహాలను వెదకడానికి కూడా వీలులేకపోయింది.

ఈ ఉపద్రవాన్ని పిడింగ్టన్ కళ్లారా చూశాడని కొందరు పొరపాటుగా రాస్తుంటారు. అది నిజం కాదు. 1789 నాటికి ఆయన ఇంకా పుట్టనేలేదు. అయితే ఆనాటి వృత్తాంతాన్ని వెదకి తీసి, తన గ్రంథంలో భద్రపరచి, దాని వెనుక ఉన్న ప్రకృతి సూత్రాన్ని వివరించినవాడు మాత్రం ఆయనే.

హెన్రీ పిడింగ్టన్ 1797 జనవరి 7న ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో జన్మించాడు. చిన్నవయసులోనే వర్తక నౌకలలో చేరాడు. క్రమంగా అనుభవం గడించి ఓడకు అధిపతి అయ్యాడు. హిందూదేశం, చైనాల మధ్య సముద్రాలలో ఏళ్ల తరబడి తిరిగాడు. ఆనాడు ఓడలకు యంత్రబలం లేదు. తెరచాప, దిక్సూచి, చుక్కాని, నావికుల కండబలం మాత్రమే ఆధారం. గాలి అనుకూలిస్తే ప్రయాణం, లేకపోతే నిరీక్షణ. గాలి పగబడితే మరణం.

నేటి విద్యార్థులకు ఆనాటి నావికుని ఒంటరితనం ఊహకు అందదు. రేవు విడిచిన ఓడ దిగంతం దాటిందంటే దానికి లోకంతో సంబంధం తెగినట్టే. ముందు దారిలో తుపాను ఉన్నదని చెప్పేవారు లేరు. ఓడ మునిగిపోతున్నదని ఒడ్డువారికి తెలిపే సాధనమూ లేదు. ఆపదలో ఉన్న ఓడ ఫిరంగి పేల్చేది. జెండాను తలక్రిందులుగా ఎగురవేసేది. రాత్రివేళ మంటలు వెలిగించేది. కనుచూపుమేరలో మరొక ఓడ ఉంటేనే ఆ సంకేతాలకు ప్రయోజనం. తుపాను నడిమధ్యలో, కొండలవంటి కెరటాల చాటున, కుంభవృష్టిలో ఆ మంటను చూసేదెవరు? ఆ ఫిరంగి శబ్దాన్ని వినేదెవరు? ఏ రోజు మునిగిందో, ఎక్కడ మునిగిందో తెలియకుండా పోయిన ఓడలు ఎన్నో. ఆ ఓడల కోసం ఎదురుచూస్తూ జీవితాలు గడిపిన కుటుంబాలు ఎన్నో.

కొన్నేళ్ల సముద్రయానం తరువాత పిడింగ్టన్ ఓడపని మాని కలకత్తాలో స్థిరపడ్డాడు. ఆయన ఊరికే కూర్చునే స్వభావం కలవాడు కాదు. మొక్కల మీద ఆసక్తితో ఈ దేశపు వృక్షజాతుల పేర్లకు ఒక సూచిక కూర్చి 1832లో ప్రచురించాడు. నేలల గుణాలను, ఖనిజాలను పరీక్షించాడు. ఆర్థిక భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలకు పాలకుడుగా పనిచేశాడు. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ కార్యకలాపాలలో చురుకుగా పాల్గొన్నాడు. ఓడప్రమాదాలపై విచారణ జరిపే న్యాయస్థానానికి అధ్యక్షత వహించాడు. ఈ చివరి పదవి ఆయనకు ఒక కఠోరసత్యాన్ని మళ్లీ మళ్లీ చూపింది. మునిగిపోయిన ఓడలలో కొన్ని అసమర్థుల చేతిలో మునిగినవి కావు. గాలి ఏ తీరున వీస్తుందో తెలియని సమర్థుల చేతిలో మునిగినవి.

1838లో విలియం రీడ్ అనే బ్రిటిష్ సైనికాధికారి తుపానుల నియమాన్ని గురించి ఒక గ్రంథం వెలువరించాడు. అంతకుముందే అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్ అనే పరిశోధకుడు, తుపాను గాలులు సూటిగా వీచవనీ, ఒక కేంద్రం చుట్టూ సుడులు తిరుగుతూ ముందుకు కదులుతాయనీ ప్రతిపాదించాడు. రీడ్ దానిని వెస్టిండీస్ తుపానుల ఆధారంగా మరింత విస్తరించాడు. ఆ పుస్తకం పిడింగ్టన్ చేతికి చిక్కింది. అందులోని ప్రతిపాదన ఆయన మనసును పట్టి కుదిపింది. అట్లాంటిక్ సముద్రంలో నిజమైనది బంగాళాఖాతంలోనూ నిజమేనా? నిజమే అయితే ఆ నియమంతో ఓడలను కాపాడవచ్చు కదా? ఈ రెండు ప్రశ్నలే ఆయన శేషజీవితాన్ని నడిపించాయి.

జవాబు వెదికే అవకాశం వెంటనే వచ్చింది. 1839 జూన్ 3, 4, 5 తేదీలలో బంగాళాఖాతంలో పెద్ద గాలివాన చెలరేగింది. పిడింగ్టన్ దాని వివరాలన్నీ సేకరించి తన మొదటి పరిశోధనపత్రం రాశాడు. అదే సంవత్సరం నవంబరులో మరొక తుపాను గోదావరి ముఖద్వారాన్ని తాకింది. కోరంగి మళ్లీ జలమయమైంది. ఆనాటి ప్రాణనష్టాన్ని గురించిన అంకెలు పుస్తకానికి ఒక తీరుగా కనిపిస్తాయి. అంకె ఏదైనా, ఒకనాటి మహానౌకాశ్రయం ఆ దెబ్బ తరువాత తన పూర్వవైభవాన్ని తిరిగి పొందలేకపోయిందన్నది మాత్రం సత్యం. పిడింగ్టన్ రెండవ పరిశోధనపత్రానికి ఈ కోరంగి తుపానే విషయమయింది. ఆ విధంగా మన తీరవాసుల కన్నీరు ప్రపంచ నావికులకు పాఠంగా మారింది.

ఆయన పరిశోధనా పద్ధతి సరళమైనది, అదే సమయంలో అపారమైన ఓపికను కోరేది. ప్రతి ఓడలోనూ లాగ్‌బుక్ అనే దినచర్య పుస్తకం ఉంటుంది. ఏ గంటకు ఓడ ఎక్కడ ఉన్నదో, గాలి ఏ దిక్కునుండి ఎంత బలంగా వీచిందో, బారోమీటరులో పాదరసం ఎంత ఎత్తున నిలిచిందో అందులో రాస్తారు. తుపానులో చిక్కి బయటపడిన ఓడల నుండి పిడింగ్టన్ ఆ పుస్తకాలను సేకరించేవాడు. రేవు అధికారులకు, ఓడల అధిపతులకు, తీరంలోని ఉద్యోగులకు ఉత్తరాలు రాసేవాడు. వచ్చిన వివరాలను ఒకే సముద్రపటం మీద గుర్తించేవాడు. ఒకే రోజు ఒకే గంటకు ఒక ఓడకు తూర్పుగాలి, మరొకదానికి పడమటిగాలి, ఇంకొకదానికి ఉత్తరపుగాలి తగిలినట్టు తేలేది. విడివిడిగా చూస్తే అవి పరస్పర విరుద్ధాలు. పటం మీద కలిపి చూస్తే ఒక వలయం కళ్లకు కట్టేది. ఏ ఓడకు ఆ ఓడ గాలిని మాత్రమే చూసింది. పిడింగ్టన్ తుపానును మొత్తంగా చూశాడు.

ఈ విధంగా ఆయన ఇరవైకి పైగా పరిశోధనపత్రాలు రాశాడు. అవి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వరుసగా వెలువడ్డాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలులు గడియారపు ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగాను, దక్షిణాన ముల్లు తిరిగే దిశలోను సుడి తిరుగుతాయన్న నియమం హిందూమహాసముద్రానికి కూడా వర్తిస్తుందని వాటివల్ల రుజువైంది.

ఈ నియమానికి గొప్ప సాక్ష్యంగా నిలిచింది చార్లెస్ హెడిల్ అనే ఓడ కథ. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దీవి నుండి బయలుదేరిన ఈ చిన్న ఓడ తుపానులో చిక్కింది. ఓడ అధిపతి ఆనాటి అలవాటు ప్రకారం గాలి ఎటు తోస్తే అటు ఓడను పరుగెత్తించాడు. రోజులు గడిచాయి. గాలి దిక్కు మారుతూనే ఉంది, ఓడ పరుగెత్తుతూనే ఉంది. సుమారు అయిదు రోజుల తరువాత గాలి శాంతించింది. ఎంతో దూరం వచ్చామనుకున్న నావికులు తాము బయలుదేరిన మారిషస్‌కు సమీపంలోనే ఉన్నారు! ఆ ఓడ లాగ్‌బుక్‌ను పిడింగ్టన్ పరిశీలించాడు. అది తుపాను కేంద్రం చుట్టూ అయిదు ప్రదక్షిణలు చేసిందని తేల్చాడు. తుపాను సుడి తిరుగుతుందని ఇంతకుమించి రుజువు అవసరం లేదు. గాలికి లొంగి పరుగెత్తడమంటే ఆపద నుండి పారిపోవడం కాదనీ, దాని చుట్టూనే తిరగడమనీ ఆ ఓడ లోకానికి చాటింది.

శాస్త్రం పండితుల పత్రికలలో ఉండిపోతే నావికునికి ఏం లాభం? కెరటాలు ఓడను ఎత్తి కుదేస్తున్నవేళ లెక్కలు వేసే తీరిక ఎవరికి ఉంటుంది? పిడింగ్టన్ తాను నావికుడు గనుక ఈ కష్టాన్ని ఎరుగును. అందుకే 1844లో కలకత్తాలో ఒక చిన్న పుస్తకాన్ని ప్రచురించాడు. 1848లో దానిని విస్తరించి, అన్ని సముద్రాలకు వర్తించేట్టు లండన్‌లో వెలువరించాడు. దానికి నావికుల హార్న్‌బుక్ అని పేరు పెట్టాడు. ఇంగ్లండులో పూర్వం పిల్లలకు అక్షరాలు నేర్పడానికి చెక్కపలక మీద అక్షరాల కాగితం అంటించి, దాని మీద కొమ్ముతో చేసిన పలుచని రేకు కప్పేవారు. దానిని హార్న్‌బుక్ అనేవారు. మన దృష్టిలో అది ఓనమాల పలకవంటిది. తుపానుల శాస్త్రాన్ని ఓనమాల నుండి నేర్పే పుస్తకమన్నది ఆ పేరులోని భావం.

ఆ పేరులో మరొక చమత్కారం కూడా ఉంది. పుస్తకంతో పాటు ఆయన నిజంగానే కొమ్ముతో చేసిన రెండు పారదర్శకమైన రేకులను ఇచ్చాడు. ఒకటి ఉత్తరార్ధగోళానికి, మరొకటి దక్షిణార్ధగోళానికి. వాటి మీద వలయాలు, గాలి వీచే దిక్కును చూపే బాణాలు గీసి ఉంటాయి. నావికుడు సముద్రపటం మీద తన ఓడ ఉన్న చోటును గుర్తించి, ఆ రేకును పటం మీద పెట్టి, తనకు తగులుతున్న గాలికి సరిపోయే బాణం ఆ గుర్తు మీదికి వచ్చేదాకా జరపాలి. అప్పుడు వలయాల నడిమి బిందువు ఎక్కడ నిలిస్తే తుపాను కేంద్రం ఆ దిక్కున ఉన్నట్టు. రెండు మూడు గంటల తరువాత మళ్లీ చూస్తే ఆ కేంద్రం ఎటు కదులుతున్నదో కూడా తెలుస్తుంది. రేకు లేకపోయినా చిన్న గుర్తు చాలు: ఉత్తరార్ధగోళంలో గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడితే తుపాను కేంద్రం కుడిచేతి వైపున ఉంటుంది. చదువురాని నావికుడు కూడా మరచిపోని సూత్రమిది.

బారోమీటరును ఎలా చదవాలో కూడా ఆయన నేర్పాడు. గంట గంటకు పాదరసం ఎంత చొప్పున దిగుతున్నదో చూసి, కేంద్రం ఇంచుమించు ఎంత దూరంలో ఉన్నదో అంచనా వేసే పట్టికను తయారుచేశాడు. దిక్కు గాలి వల్ల, దూరం పాదరసం వల్ల తెలిస్తే నావికుడు ఇక గుడ్డివాడు కాడు. తుపానుకు దారి ఇచ్చి పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకోలేనప్పుడు తెరచాపలు దించి ఓడను నిలకడగా ఉంచవచ్చు. జేబులో పట్టే కొమ్ముముక్క ఆ విధంగా ప్రాణరక్షణ సాధనమయింది.

ఈ గ్రంథంలోనే పిడింగ్టన్ సైక్లోన్ అనే పదాన్ని ప్రవేశపెట్టాడు. అప్పటిదాకా నావికులు గాలివానకు, పెనుగాలికి, హరికేన్‌కు, టైఫూన్‌కు ప్రాంతానికి ఒక పేరు వాడేవారు. కొన్ని పేర్లు గాలి బలాన్ని, కొన్ని అది వచ్చే ప్రదేశాన్ని తెలిపేవి. సుడి తిరగడమనే అసలు లక్షణాన్ని తెలిపే పేరు ఒక్కటీ లేదు. చుట్టచుట్టుకున్న పామును సూచించే గ్రీకు పదం నుండి ఆయన ఈ మాటను కల్పించాడు. ఇందులో ఆయన వివేకం కూడా కనిపిస్తుంది. గాలులు సరిగ్గా గుండ్రంగానే తిరుగుతాయని ఆయన పట్టుబట్టలేదు. పాముచుట్ట పూర్తి వలయం కాదు, వంపులు తిరిగిన రూపం. తెలిసినదానిని చెబుతూ, తెలియనిదానికి చోటు మిగిల్చిన పదమది. తరువాతి కాలంలో మారిషస్‌లో పరిశోధించిన చార్లెస్ మెల్డ్రమ్ వంటివారు తుపాను గాలులు కేంద్రం వైపు ఒంపు తిరుగుతూ లోపలికి చొచ్చుకుపోతాయని నిరూపించారు. కొమ్మురేకు మీది వలయాలను సవరించవలసి వచ్చింది. కాని సైక్లోన్ అన్న పేరును మార్చవలసిన అవసరం రాలేదు.

ఓడల క్షేమంతో పాటు తీరవాసుల క్షేమం కూడా పిడింగ్టన్‌ను కలతపెట్టింది. తుపానులో ఎక్కువమందిని చంపేది గాలి కాదు, నీరు. తుపాను వెంట సముద్రం ఉబ్బి, కొండలా లేచి, పల్లపు తీరాన్ని ముంచెత్తుతుంది. దానినే నేడు ఉప్పెన అంటున్నాము. కోరంగిలో 1787లోను, 1789లోను జరిగినది ఇదేనని ఆయన వివరించాడు. నదీముఖాలలో, లోతు తక్కువ ఉన్న తీరాలలో ఈ ప్రమాదం మరింత ఎక్కువని గ్రహించాడు. పుస్తకాలలో చదివిన కోరంగి కథ ఆయనకు కేవలం గతం కాలేదు, రాబోయే కాలానికి హెచ్చరిక అయింది.

ఆ హెచ్చరికను వినిపించవలసిన సమయం 1853లో వచ్చింది. హుగ్లీ నది పూడిపోతున్నదన్న భయంతో కలకత్తాకు ప్రత్యామ్నాయంగా సుందరవనాలలోని మాట్లా నది ఒడ్డున కొత్త రేవుపట్టణం కట్టాలన్న ఆలోచన సాగుతున్నది. పిడింగ్టన్ ఆ చోటును పరిశీలించి భయపడ్డాడు. పల్లపు నేల, సముద్రానికి తెరచిన నదీముఖం, ఉప్పెనకు అడ్డు లేని ప్రదేశం. ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగంగా ఒక ఉత్తరం రాసి ప్రచురించాడు. ఏదో ఒకనాడు తుపాను నడుమ ఉప్పునీరు పెద్దకట్టలా దొర్లుకువచ్చి ఆ పట్టణాన్ని ముంచివేయగలదని హెచ్చరించాడు. అయిదు మొదలు పదిహేను అడుగుల దాకా నీరు లేవవచ్చని అంచనా వేశాడు.

ఆ ఉత్తరాన్ని అధికారులు లెక్కచేయలేదు. గాలివానలంటే వెర్రి పట్టిన ముసలి నావికుని మాటగా దానిని పక్కన పెట్టారు. పిడింగ్టన్ 1858 ఏప్రిల్ 7న కలకత్తాలో కన్నుమూశాడు. ఆయన మరణించిన తరువాత మాట్లా ఒడ్డున కానింగ్ అనే పేరుతో రేవుపట్టణం వెలసింది. రైలుమార్గం వేశారు, ఓడలు ఆగే కట్టడాలు కట్టారు. 1867 నవంబరు 1న తుపాను వచ్చింది. ఉప్పెన నీరు పట్టణం మీదికి పొంగింది. ఆ దెబ్బతో కానింగ్ రేవు కోలుకోలేకపోయింది. కొద్ది సంవత్సరాలలోనే దానిని విడిచిపెట్టారు. తన మాట నిజమయిందని చూసుకొనడానికి పిడింగ్టన్ లేడు. ఉన్నా ఆయన సంతోషించేవాడు కాదు. హెచ్చరించినవాడు కోరుకునేది తన మాట నిజం కావడం కాదు, విన్నవారు బ్రతకడం. ఈ ఉదంతాన్ని అమితావ్ ఘోష్ 2004లో తన నవల ద హంగ్రీ టైడ్‌లో చిత్రించి, మరుగునపడిన పిడింగ్టన్‌ను నేటి పాఠకులకు మళ్లీ పరిచయం చేశాడు.

పిడింగ్టన్ తరువాత ఆయన వేసిన బాట రాజమార్గమయింది. 1864లో కలకత్తాను, మచిలీపట్నాన్ని నెలరోజుల వ్యవధిలో రెండు ఘోరమైన తుపానులు దెబ్బతీశాయి. మరుసటి సంవత్సరం కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు అందించే ఏర్పాటు మొదలయింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. కాని ఒడ్డున ఎగురవేసిన హెచ్చరిక జెండా రేవులోని ఓడకు తెలుస్తుందే గాని, నడిసముద్రంలోని ఓడకు తెలియదు. ఆ లోటును తీర్చినది తంతిలేని వార్తాసాధనం. మార్కోని కృషితో 20వ శతాబ్ది ఆరంభంలో ఓడలకు వైర్‌లెస్ అమరింది. 1912లో టైటానిక్ మునిగినపుడు ఆ ఓడ పంపిన ఆపదసంకేతాన్ని విని కార్పేథియా అనే ఓడ వచ్చి ఏడువందలకు పైగా మనుషులను కాపాడింది. అంతకంటె దగ్గరలోనే ఉన్న మరొక ఓడలో వైర్‌లెస్ ఉద్యోగి అప్పటికే నిద్రకు ఉపక్రమించడం వల్ల ఆ కేక వినబడలేదు. ఈ దుర్ఘటన తరువాత 1914లో సముద్రంపై ప్రాణరక్షణకు అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది.

1999 ఫిబ్రవరి 1 నుండి ప్రపంచవ్యాప్త సముద్ర ఆపద రక్షణ వ్యవస్థ పూర్తిగా అమలులోకి వచ్చింది. దీని ప్రకారం పెద్ద ఓడలలో వాతావరణ హెచ్చరికలను తనంతట తానే స్వీకరించే నావ్‌టెక్స్ యంత్రం, ఒక్క మీట నొక్కితే చుట్టుపక్కల ఓడలకు, తీరకేంద్రాలకు ఆపదవార్త పంపే రేడియో పరికరం ఉంటాయి. ఓడ మునిగితే నీటి ఒత్తిడికి విడివడి పైకి తేలి, ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరమూ ఉంటుంది. ఆ సంకేతాలను అందుకొనే భారతీయ కేంద్రం బెంగళూరులో ఉంది. అక్కడినుండి సమాచారం తీరరక్షక దళానికి చేరుతుంది. ఒకనాడు పిడింగ్టన్ ఉత్తరాల ద్వారా నెలల తరబడి సేకరించిన సమాచారం నేడు నిమిషాలలో చేరుతున్నది. అయితే ఓడ ఎక్కడ ఉంది, గాలి ఎటు వీస్తున్నది, ఆపద ఏ దిక్కున ఉంది అన్న ప్రశ్నలు మాత్రం ఆయన అడిగినవే.

పెద్ద ఓడలకు అందిన రక్షణ చిన్న పడవలకు అందడానికి మరింత కాలం పట్టింది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను అతలాకుతలం చేసింది. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలాయి. వెయ్యిమందికి పైగా మరణించారు. గోదావరి ముఖద్వారపు పల్లెల నుండి వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. వారి చేతిలో నావ్‌టెక్స్ లేదు, ఉపగ్రహంతో మాట్లాడే పరికరం లేదు. పిడింగ్టన్ కాలపు నావికునికి వారికి ఆ రాత్రి పెద్ద తేడా లేదు. ఆ అనుభవాలనుండి పాఠం నేర్చుకొని, చేపలవేట పడవల కోసం భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఆపదసంకేత పరికరాన్ని రూపొందించింది. 2024లో వెలువడిన దాని కొత్త రూపంలో, తాను పంపిన కేక ఒడ్డుకు వినబడిందన్న జవాబు కూడా పడవలోని మనిషికి చేరుతుంది. నడిసంద్రంలో ఉన్నవానికి ఆ ఒక్క జవాబు కొండంత ధైర్యం. తీరరక్షక దళాన్ని 1554 నంబరుతో పిలిచే ఏర్పాటు కూడా ఉంది.

నేడు కోరంగి ఒకనాటి రేవు కాదు. దాని చుట్టూ మడ అడవులు విస్తరించాయి. ఉప్పెన వేగాన్ని తగ్గించే సహజమైన కోట ఆ అడవి. పరికరాలు ఎన్ని వచ్చినా, అడవులు ఎంత అడ్డు నిలిచినా, హెచ్చరికను చెవిన పెట్టని మనిషిని ఏదీ కాపాడలేదు. కొమ్మురేకును జేబులో ఉంచుకొని దానిని తీసి చూడని ఓడ అధిపతి, ఉత్తరాన్ని అందుకొని దానిని చదివి పక్కన పెట్టిన పాలకుడు, తుపాను వార్త విని కూడా ఇల్లు కదలని గృహస్థు ఒకే పొరపాటు చేసినవారవుతారు.

హెన్రీ పిడింగ్టన్ కోనసీమవాడు కాదు. కాని కోరంగి చరిత్రను చదివి, దాని దుఃఖం మరెవరికీ రాకూడదని తపించినవాడు. చనిపోయినవారి కోసం విలపించడం అందరూ చేసే పని. చనిపోయినవారి కథ నుండి బ్రతికేవారికి దారి చూపడం కొందరు మాత్రమే చేయగలిగిన పని. ఆ కొందరిలో ఆయన ఒకడు. అందువల్లనే సైక్లోన్ అన్న మాట వినిపించినంతకాలం ఆ నావికుని పేరు కూడా చిరస్మరణీయంగా నిలుస్తుంది.